కాగితం మన చేతిలో ఉండాలి

(స్త్రీల సంఘాల కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రెండు రోజులూ గృహహింస గురించి, ఆస్తి హక్కు గురించి, పని చేసే చోట వేధింపుల గురించి మాట్లాడుకున్నాం. చివర్లో నాకు ఇచ్చిన అంశం విదేశాల నుంచి మన సంఘాలకు వచ్చే డబ్బు, సామాను, వాటికి కావలసిన కాగితాలు. "అవన్నీ మా అకౌంటెంటు గారు చూసుకుంటారు" అని ఇందాక టీ దగ్గర ఇద్దరు ముగ్గురు అన్నారు. ఇరవై ఏళ్లకు పైగా స్త్రీల సంఘాల పద్దులు రాస్తున్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు కొత్త కాదు. కానీ ఇంట్లో పొలం పాసుపుస్తకం ఎక్కడుందో భార్యకు తెలియకపోతే దాన్ని మనం అణచివేత అంటాం. సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎక్కడుందో అధ్యక్షురాలికే తెలియకపోతే దాన్నేమనాలి? రేపు నోటీసు వస్తే అది అకౌంటెంటు పేరున రాదు, అధ్యక్షురాలి పేరున, కార్యదర్శి పేరున వస్తుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట 1976లో, ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది. అప్పుడు దాని చూపు ముఖ్యంగా రాజకీయ పార్టీల మీద, ఎన్నికల అభ్యర్థుల మీద, పత్రికల మీద. 1984 సవరణతో సంఘాలు కూడా హోంమంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేసుకోవలసి వచ్చింది. 2010లో కొత్త చట్టం చేసి 2011 మే 1 నుంచి అమలు చేశారు. అంతకుముందు ఒకసారి నమోదైతే సరిపోయేది. అప్పటి నుంచి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2020 సెప్టెంబర్‌లో చేసిన సవరణలు అన్నిటికన్నా గట్టి దెబ్బ. 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థించింది. బాధ్యులు ఆధార్ బదులు పాస్‌పోర్టు ఇవ్వవచ్చన్న వెసులుబాటు మాత్రం దొరికింది.

ఇక "విదేశీ విరాళం" అంటే ఏమిటి? డాలర్లలో వస్తేనే విదేశీ విరాళమని చాలామంది అనుకుంటారు. చట్టం చూసేది నోటును కాదు, ఇచ్చిన మనిషి పౌరసత్వాన్ని. మన ఊరి అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఇంకా భారత పాస్‌పోర్టే ఉంచుకుని, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే అమ్మాయి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక సంక్రాంతికి ఊరొచ్చి, మన ఆఫీసులో కూర్చుని అయిదు వేల రూపాయలు ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా అంతే. అందుచేత బయట దేశాల్లో ఉన్న మనవాళ్లు చందా ఇస్తామంటే మొహమాటపడకుండా పాస్‌పోర్టు నకలు అడిగి తీసుకోండి, రశీదు వెనక గుచ్చి పెట్టండి. ఆ డబ్బు మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ కూడా విదేశీ విరాళం కిందే లెక్క. ఐక్యరాజ్యసమితి సంస్థలు, ప్రపంచ బ్యాంకు మాత్రం ఈ లెక్కలోకి రావు.

నమోదు కావాలంటే సంఘం పుట్టి మూడేళ్లు నిండాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో కలిపి కనీసం 15 లక్షల రూపాయలు తన ఆశయాల మీద ఖర్చు పెట్టి ఉండాలి. అంత స్తోమత లేని సంఘం ఒక నిర్దిష్టమైన పని కోసం, నిర్దిష్టమైన దాత నుంచి తీసుకోవడానికి ముందస్తు అనుమతి అడగవచ్చు. నమోదైన సంఘానికి డబ్బు ఢిల్లీలో సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అక్కడి నుంచి మన ఊరి బ్యాంకుకు మార్చుకుని ఖర్చు పెట్టుకోవచ్చు. ఇక్కడి చందాల డబ్బు మాత్రం ఆ ఖాతాల్లో పడకూడదు. రెండు కుండల్లో రెండు రకాల నీళ్లు, ఒకదాంట్లో ముంచిన చెంబు రెండోదాంట్లో ముంచకూడదు. ప్రతి సంవత్సరం డిసెంబర్ 31లోగా, ఆ ఏడాది ఒక్క రూపాయి రాకపోయినా, వార్షిక పత్రం దాఖలు చేయాలి. ముఖ్య బాధ్యులు మారినా, చిరునామా మారినా 45 రోజుల్లో తెలియజేయాలి. సర్టిఫికెట్ గడువు ముగియడానికి కనీసం నాలుగు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టమని 2025 ఏప్రిల్‌లో హోంశాఖ చెప్పింది. గడువు దాటితే ఖాతాలో ఉన్న డబ్బును కూడా ముట్టుకోలేం. వసతి గృహంలో ఉన్న ఆడవాళ్లకు ఆ నెల బియ్యం ఎలా కొంటారు?

ఇప్పుడు మనకు బాగా నొప్పి కలిగించే విషయం. 2020కి ముందు నగరంలోని పెద్ద సంస్థ విదేశీ నిధి తీసుకుని, నమోదైన చిన్న సంఘాలకు అందులోంచి కొంత ఇచ్చేది. మండల కేంద్రాల్లోని ఎన్నో స్త్రీల సంఘాలు అలాగే బతికాయి. ఇప్పుడు ఏ సంఘమూ మరో సంఘానికి విదేశీ నిధిని బదిలీ చేయడానికి లేదు. దానికి అడ్డదారి ఒకటి బయల్దేరింది. చిన్న సంఘం నడిపే ఆమెను "కన్సల్టెంట్" అని రాసి, ఆమె సొంత ఖాతాలో డబ్బు వేసి, సంఘం ఖర్చులు అందులోంచి పెట్టమంటారు. మిత్రులారా, దీనికి ఒప్పుకోకండి. ఒప్పందం మీద సంతకం ఆమెది, ఆదాయపు పన్ను లెక్కలో ఆదాయం ఆమెది, రేపు తనిఖీ జరిగితే సమాధానం చెప్పాల్సింది ఆమే. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఇంత బరువు ఒక్క మనిషి నెత్తిన పెట్టడం సంఘటితత్వం అనిపించుకోదు.

నిజంగా కన్సల్టెంట్‌గా పనిచేయడం వేరు. మనలో కొందరు విదేశీ సంస్థలకు అధ్యయనాలు చేస్తారు, శిక్షణ ఇస్తారు, అనువాదాలు చేస్తారు. మామూలు వృత్తి వ్యవహారంగా చేసిన పనికి వచ్చిన ఫీజు విరాళం కాదు. కానీ అది ఫీజేనని కాగితం చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు ఒప్పందం, అందులో చేయవలసిన పని, రోజులు, మొత్తం, ఏ కరెన్సీ, బ్యాంకు ఛార్జీలు ఎవరు భరించాలి అన్నవన్నీ ఉండాలి. పని అయ్యాక బిల్లు, ఇచ్చిన నివేదిక నకలు, డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం. డబ్బు దేనికి వచ్చిందని బ్యాంకు అడిగి ఒక కోడ్ నంబరు వేస్తుంది. ఫీజును "విరాళం" అని గానీ, "కుటుంబ పోషణ" అని గానీ వేయనివ్వకండి. అమెరికా సంస్థ అయితే తమ దేశపు పన్ను కోసం డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం అడుగుతుంది. మీరు ఆ దేశస్థులు కారని చెప్పే పత్రం అది. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరి దాకా చెల్లుతుంది.

ఇక్కడే ఆడవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మొగుడి ఇంటిపేరు, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం. విదేశీ బ్యాంకుకు ఇవి నలుగురు మనుషులు. డబ్బు వారాల తరబడి ఆగుతుంది, ఛార్జీలు కోసుకుని వెనక్కి పోతుంది. మా జిల్లాలో ఒక కార్యకర్త మూడు నెలల పనికి రావలసిన ఫీజు ఇలాగే రెండుసార్లు తిరిగిపోయింది. విడాకులు తీసుకున్న ఆమె, ఆ పాత పేరుతో ఇంకా బతకవలసి రావడమే ఆమెకు ఎక్కువ బాధ. పెళ్లితో పేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. అమ్మాయిలకు ఈ మాట ముందే చెప్పండి. ఇప్పటికే మారిపోయినవాళ్లు ఒక పేరు ఖాయం చేసుకుని, అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా అదే రాయించుకోండి.

సామాను సంగతి. "మా దగ్గర వాడిన కంప్యూటర్లున్నాయి, దుప్పట్లున్నాయి, పంపుతాం" అని దూరాన ఉన్న మిత్రులు ప్రేమగా అంటారు. వస్తువు రూపంలో వచ్చినా అది విదేశీ విరాళమే. నమోదు లేని సంఘం తీసుకోకూడదు, నమోదైన సంఘం దాని విలువను వార్షిక పత్రంలో చూపాలి. ఉచితంగా వచ్చింది కదా అని కస్టమ్స్ సుంకం దానంతటది మాఫీ కాదు. బిల్లులో విలువ సున్నా అని రాస్తే ఒప్పుకోరు, "అమ్మకానికి కాదు" అని రాసి అసలు విలువ వేయాలి. వాడిన బట్టల దిగుమతికి లైసెన్సు కావాలి. మందులకు నిబంధనలు వేరే ఉన్నాయి. కాబట్టి పెట్టె ఓడ ఎక్కకముందే మనం అడగవలసినవి: వస్తువుల జాబితా, ఒక్కొక్కదాని విలువ, కొత్తవా వాడినవా, దానమని చెప్పే ఉత్తరం, సుంకం ఎవరు కడతారు. రేవులో ఆగిపోయిన పెట్టెకు రోజురోజుకూ అద్దె పెరుగుతుంది. చాలాసార్లు "పంపకండి, ఇక్కడే కొనుక్కుంటాం" అనడమే మంచిది.

మరో రెండు విషయాలు జాగ్రత్తగా వినండి. పరిపాలనా ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. మన సంఘాల్లో ఖర్చంతా మనుషుల మీదే. బాధితురాలితో పోలీసు స్టేషనుకు వెళ్లే ఆమె జీతం పరిపాలనా ఖర్చా, పనా? ఆమె నియామక పత్రంలో "ఆఫీసు సిబ్బంది" అని రాస్తే మీరే దాన్ని పరిపాలన చేసేశారు. కౌన్సెలింగు, కోర్టుకు తోడు వెళ్లడం, వసతి ఏర్పాటు అని ఆమె చేసే పని ఉన్నదున్నట్టు రాయండి, హాజరు పట్టీ, పర్యటన డైరీ దానికి సాక్ష్యంగా ఉంచండి.

రెండోది, ఆ డైరీలో, ఓచర్ల మీద మన దగ్గరకు వచ్చిన స్త్రీల పేర్లు రాయకండి. బస్సు ఛార్జీ ఇచ్చాం, రుజువు కావాలి, నిజమే. కేసు నంబరు రాయండి, నంబరుకూ పేరుకూ లంకె ఉన్న పుస్తకం బీరువాలో తాళం వేసి పెట్టండి. అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. దాత ఫోటో అడిగినా, పేర్ల జాబితా అడిగినా ఇవ్వలేమని రాతపూర్వకంగా చెప్పండి. ఈ నిబంధనను ఒప్పందంలోనే మొదట రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు. లెక్క చెప్పడం మన బాధ్యత. ఆమె పేరు అప్పగించే హక్కు మాత్రం మనకు లేదు.

"ఇంత చేస్తే ప్రభుత్వానికి లొంగిపోయినట్టు కాదా" అని ఒక చెల్లెలు నిన్న అడిగింది. మంచి ప్రశ్న. 2016లో లాయర్స్ కలెక్టివ్ రిజిస్ట్రేషన్ రద్దు చేశారు, 2024 జనవరిలో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌ది రద్దు చేశారు. చదువుకున్నవాళ్లు, న్యాయవాదులు ఉన్న సంస్థల గతే అది. కాగితాలు సరిగ్గా ఉంటే ఎవరూ మన జోలికి రారని నేను చెప్పడం లేదు. కానీ వచ్చినప్పుడు మాట్లాడటానికి మనకు నేల ఉంటుంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు, పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజల సమస్యల కోసం బంద్, హర్తాళ్ లాంటి పద్ధతుల్లో ఆందోళన చేసినంత మాత్రాన ఒక సంస్థను రాజకీయ సంస్థ అనలేమని చెప్పింది. ఆ తీర్పును వాడుకోవాలంటే మన తీర్మానాల పుస్తకంలో ఆ ధర్నా ఎందుకు చేశామో రాసి ఉండాలి కదా.

1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్లకు ప్రాజెక్టు లేదు, బడ్జెట్ లేదు. ఈ సంగతీ మరవకూడదు. విదేశీ నిధి ఆగిపోతే ఆగిపోయే పని ఏది, ఆగకూడని పని ఏది అని ప్రతి సంఘం ఇప్పుడే కూర్చుని విడదీసుకోవాలి. ఆగకూడని పనికి ఊళ్లో చందా వసూలు చేయాలి, పది రూపాయలైనా రశీదు ఇచ్చి తీసుకోవాలి.

చివరగా మీరంతా వెళ్లగానే చేయమని కోరేది ఇది. వచ్చే కార్యవర్గ సమావేశంలో సర్టిఫికెట్ బయటికి తీసి గడువు తేదీ అందరికీ చదివి వినిపించండి. ఆ తేదీని ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. చదువు రాని సభ్యురాలికి కూడా ఏ ఖాతాలో ఎంత ఉందో తెలుగులో చెప్పండి. చెక్కు మీద సంతకం పెట్టే ఇద్దరూ ఓచరు చూడకుండా సంతకం పెట్టకండి. అలాగే ఈ ఫారాలు, నిబంధనలు తెలుగులో ఇవ్వాలని, దరఖాస్తు తిరస్కరిస్తే కారణం స్పష్టంగా రాసివ్వాలని మనమందరం కలిసి అడగాలి. ఆ విజ్ఞాపన పత్రం ముసాయిదా అక్కడ బల్ల మీద ఉంది. చదివి, సరిచేసి, అప్పుడు సంతకం పెట్టండి.