కాళ్లపై కొట్టినా హత్యే



గట్టు తగాదా ఎరుగని ఊరు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో అరుదు. కర్ర పట్టి బయలుదేరువాడు “చంపను, కాళ్లు మాత్రమే విరగ్గొడతాను” అంటాడు. ఈ సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. గుంటూరు జిల్లాలో పల్లెకక్షల వల్ల ఒక వ్యక్తిని బరువైన కర్రలతో కాళ్లపై, చేతులపై కొట్టారు, ఆయన మరణించాడు. మర్మస్థానాలపై దెబ్బలు లేవనీ, చంపాలనే ఉద్దేశం లేదనీ హైకోర్టు దానిని హత్యగా పరిగణించలేదు. జస్టిస్ సర్కారియా తీర్పు దానిని తోసిపుచ్చింది: కావాలని చేసిన గాయాలు సహజంగా ప్రాణం తీయడానికి చాలినవైతే అది హత్యే, చంపే తలంపును వేరుగా రుజువు చేయనక్కరలేదు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఇదే సూత్రం. హత్యకు 103వ సెక్షన్ కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. ఆకస్మికంగా తీవ్రంగా రెచ్చగొట్టబడి, నిగ్రహం కోల్పోయి చంపితే 105వ సెక్షన్. నిర్లక్ష్యపు మరణానికి 106, సాధారణంగా ఐదేళ్ల వరకు.

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 92, 93 ఆయతులు కూడా పొరపాటును, సంకల్పాన్ని వేరు చేశాయి. పొరపాటుకు రక్తపరిహారం, ప్రాయశ్చిత్తం విధించాయి, సంకల్పానికి నరకాన్ని. ఆ పరిహారాన్ని సాకుగా చూపి మన పెద్దమనుషులు పంచాయతీలో ప్రాణానికి వెలకడితే, ఈ దేశ చట్టం ముందు హత్య కేసు రాజీ కాదు.