ఇంటి లేఖ, కచేరి లేఖ



ఈ ప్రసంగమునకు విషయము చిన్నది. ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయుట యెట్లు? పదవ తరగతి పరీక్షలో ఇదియొక ప్రశ్న. పిల్లలు గైడు పుస్తకములోని రెండు మూడు ఉత్తరములను కంఠస్థము చేసి, పేర్లు మార్చి, మార్కులు సంపాదించుచున్నారు. మార్కులు వచ్చుట మంచిదే. చిక్కంతయు పరీక్ష ముగిసిన పిదప మొదలగును.

అనంతపురము కళాశాలలో చదువుకొను ఒక పల్లెటూరి బాలుని తలంచుకొనుడు. వానికి రావలసిన స్కాలర్‌షిప్పు బ్యాంకులో జమ కాలేదు. వాడు కచేరికి ఇంగ్లీషులో లేఖ వ్రాసినాడు. మూడు పుటలు! తండ్రి త్రవ్వించిన బోర్లు ఎండుట, వేరుసెనగ మాడుట, అప్పులవారు గుమ్మములో నిలుచుట, తల్లి బెంగళూరికి కూలికి పోవుట, అన్నియు నందున్నవి. అన్నియు సత్యములే. కాని దరఖాస్తు సంఖ్య లేదు. ఏ సంవత్సరపు స్కాలర్‌షిప్పో తెలియదు. బ్యాంకు ఖాతా వివరము లేదు. చదివిన గుమాస్తా నిట్టూర్చి కాగితమును కట్టలో చేర్చినాడు. అతడు కఠినుడు కాడు. ఏ రిజిస్టరులో ఏ పంక్తిని వెదకవలెనో ఆ కాగితము అతనికి చెప్పలేదు. ఇక అదే బాలుడు అదే వారమున బెంగళూరిలో పనిచేయు అన్నకు వ్రాసిన ఉత్తరమో? "నేను క్షేమము, నీవు క్షేమమని తలంతును, రుసుమునకు సొమ్ము పంపుము" అని మూడే ముక్కలు. ఇంటికి పోవలసిన కన్నీరు కచేరికి పోయినది. కచేరికి పోవలసిన పొడిమాట ఇంటికి చేరినది.

ఈ రెండింటి భేదమును చక్కగా నెరిగిన ఉత్తరములు కొన్ని ఈ సీమనుండియే పూర్వము వెలువడినవి. 1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంఫిణీకి అప్పగించిన పిమ్మట థామస్ మన్రో వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేసెను. అనంతపురము ఆయన మకాములలో ఒకటి. గుడారములలో కాపురముండి, ఊరూరు తిరిగి, భూములు కొలిపించెను. ఆయన తన సోదరికి వ్రాసిన ఉత్తరములు కలవు. రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలును కలవు. గ్లీగ్ అను నాతడు 1830లో ప్రచురించిన మన్రో చరిత్రములో ఇవి రెండును చేరినవి. సోదరికి వ్రాయునపుడు ఆ కలెక్టరు పరిహాసమాడును, బెంగపడును, చిన్ననాటి మాటలు తలంచుకొనును. బోర్డుకు వ్రాయునపుడు ఆ మనిషియే కానరాడు. అంకెలు, కారణములు, కోరిక, అంతియే. 1807 ఆగస్టు 15వ తేదీ నివేదికలో ఆయన భూములన్నిటిపైన శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావినీటితో సాగగు భూములకు మరి 8 వంతులు తగ్గింపవలెననియు కోరెను. రైతుల దైన్యమును వర్ణించి విలపించుటకు ఆయనకు చేతకాక కాదు. పై అధికారిని కదల్చునది లెక్కయేయని ఎరిగినవాడు. కోరిక వెంటనే నెరవేరలేదు. 1820లో ఆయనయే మద్రాసు గవర్నరైన పిమ్మటగాని తగ్గింపు అమలునకు రాలేదు. మంచి లేఖ సయితము ఒక్కొకప్పుడు పండ్రెండేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చును. (కరణముల లెక్కలను మన్రో అనుమానించుచునే వాడుకొనెననుట వేరు కథ.)

రెండవ సాక్షి బ్రౌను దొర. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో తెలుగు రీడరు అను నొక పుస్తకమును మద్రాసులో అచ్చొత్తించెను. అందేమున్నది? పురాణములు కావు, ప్రబంధములు కావు. తెలుగువారి ఉత్తరములు! ఇంటి ఉత్తరములును, వ్యవహారపు ఉత్తరములును, పోలీసు రెవెన్యూ విషయములును, వానికి ఇంగ్లీషు అనువాదములును. ఈ దేశమున పనిచేయవచ్చిన ఇంగ్లీషువాడు కావ్యము చదువలేకపోయినను కొంపలు మునుగవు గాని, రైతు అర్జీని చదువలేనిచో మునుగునని ఆయన కనుగొనెను. ఇప్పుడు అదే పాఠమును ఇక్కడి పిల్లలు అటునుండి ఇటు చదువుకొనుచున్నారు.

ఉత్తరపు మర్యాద తెలుగువారికి క్రొత్తది కాదు. మహారాజశ్రీ ఫలానావారి సముఖమునకు, ఉభయకుశలోపరి, చిరంజీవికి ఆశీర్వదించి వ్రాయునది, చిత్తగింపవలెను, ఇట్టి మాటలు తాతల చేతివ్రాతలలో ఇప్పటికిని పెట్టెలలోనున్నవి. పిలుపులోనే వావి, వయస్సు, మర్యాద తేటపడుచుండెను. ఇంగ్లీషులో ఈ బరువంతయు ఒక్క డియర్ అను మాటపైన పడును. దాని అర్థము ప్రియమైన యని నిఘంటువులో చూచి, తాసిల్దారును డియర్ సర్ అనుటకు సిగ్గుపడిన పిల్లలు కలరు. దానిని విడిచి రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టువారు ఇంకను ఎక్కువ. ఈ రెండవది ఈ దేశపు ఇంగ్లీషులో చెల్లుచున్నది, తప్పు పట్టవలసిన పని లేదు. కాని డియర్ అనుటలో ప్రేమయు లేదు, చనువును లేదు. అది గుమ్మమువద్ద చెప్పులు విడుచుట వంటిది. ముగింపులో మాత్రము ఒక నియమము కలదు. పేరు తెలియక డియర్ సర్ అని పిలిచినచో యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అని ముగింపవలెను. పేరుతో పిలిచినచో యువర్స్ సిన్సియర్లీ. స్నేహితునకు ఈ రెండును అక్కరలేదు. అమెరికావారికి సిన్సియర్లీ యొక్కటే చాలును.

కచేరి లేఖకు ప్రాణము మొదటి నాలుగు పంక్తులలోనున్నది. వ్రాయువాడెవడు, విషయమేమి, ఏ తేదీన ఏమి జరిగినది, ఇప్పుడేమి కావలెను. ఇందులకు రామానుజన్ లేఖకన్న మంచి మాదిరి దొరకదు. 1913 జనవరి 16వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో లెక్కల గుమాస్తాగానున్న శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు వ్రాసెను. తానొక గుమాస్తాననియు, జీతము సాలుకు 20 పౌనులనియు, విశ్వవిద్యాలయపు చదువు లేదనియు ముందుగానే చెప్పివేసెను. పిమ్మట తాను కనుగొన్న సూత్రములను పుటలకొలది జతపరచెను. సలహా కోరెను. దారిద్ర్యమును దాచలేదు, దానిని చూపి ఏడ్వను లేదు. అది వ్రాసినవాని పరిచయములో ఒక అంకెగా నిలిచినది. హార్డీని కదల్చినవి జతపరచిన పుటలు. విద్యార్థి దరఖాస్తునకు జతపరచు ధ్రువపత్రపు నకళ్లు అట్టి పుటలే. వానిని లేఖ అడుగున వరుసగా పేర్కొనవలెను.

ఈ కరవు సీమలో అంకె యెట్లు మాటాడునో చూడుడు. పంట పోయినదని వ్రాయవలసివచ్చినపుడు, తీవ్రమైన అనావృష్టిచే సర్వనాశనమైనదని ఇంగ్లీషులో పెద్ద మాటలు గుప్పించుట సులభము. సర్వే సంఖ్య, విస్తీర్ణము ఎకరముల సెంట్లలో, విత్తిన తేదీ, చివరి వాన పడిన తేదీ, అటుపిమ్మట ఎన్ని దినములు వాన లేదు, ఇవి వ్రాసిన లేఖను త్రోసివేయుట కష్టము. అడంగల్‌లోని పంక్తితో దానిని సరిచూడవచ్చును. సరిచూడదగిన మాటకే కచేరిలో విలువ. పట్టా, అడంగల్, జమాబందీ వంటి మాటలకు ఇంగ్లీషు పదము దొరకదని పిల్లలు తికమకపడుదురు. అక్కరలేదు. ఆ మాటలు ఇంగ్లీషు కాగితములలో రెండువందల యేండ్లుగా నానుచున్నవి. విల్సన్ అను పండితుడు 1855లో రెవెన్యూ పదములకు పెద్ద నిఘంటువునే కూర్చెను. చెరువును ఇక్కడి ఇంగ్లీషులో ట్యాంక్ అందురు. లేక్ అని వ్రాసి బుక్కపట్నము చెరువును కాశ్మీరమునకు పంపరాదు.

చిరునామాలో జరుగు తప్పులు చిన్నవిగా కనబడి పెద్ద నష్టము చేయును. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పుట్టపర్తి, ధర్మవరము, కదిరి, పెనుకొండ, హిందూపురము శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. పాత ధ్రువపత్రములలో అనంతపురము జిల్లాయనియే యుండును. అట్టివారు లేఖలో ప్రస్తుతపు జిల్లాను వ్రాసి, పాతదానిని ఒక వాక్యములో తెలుపుట మేలు. పేరు విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఇంటిపేరు ముందుండుట తెలుగువారి వాడుక. ఇంగ్లీషు ఫారములు దానిని చివరకు లాగును. పదవ తరగతి పత్రములో ఒక విధముగను, ఆధారులో మరొక విధముగను, బ్యాంకులో మూడవ విధముగను ఉన్న ఒకే బాలుడు కచేరికి ముగ్గురుగా కనబడును. తేదీని అంకెలలో 5-6 అని వ్రాసినచో మనకది జూను 5. అమెరికావానికి మే 6. నెల పేరును అక్షరములలో వ్రాసినచో తగవు తీరును.

వినయము గురించి ఒక మాట. మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ బెగ్ అని మొదలగు అర్జీల భాష కుంఫిణీ కాలపు కచేరి వాకిటి భాష. దానిని ఇంకను పిల్లలచేత వ్రాయించుట మంచిది కాదు. ఐ రిక్వెస్ట్ అనినచో చాలును. ఆ మాటలోనే మర్యాదయున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము మరియొక అడుగు ముందుకు వేసినది. ఆ చట్టము క్రింద సమాచారము కోరువాడు ఎందులకు కోరుచున్నాడో చెప్పనక్కరలేదు. దరఖాస్తు ఇంగ్లీషులోనే యుండవలెనని కూడ లేదు. హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషయైన తెలుగులోగాని వ్రాయవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. కావున ఇంగ్లీషు తగినంత రాదని ఏ విద్యార్థియు తనకు రావలసినదానిని వదలుకొనరాదు. తెలుగులో చక్కగా నాలుగు పంక్తులు కుదిరినవానికే ఇంగ్లీషులోను కుదురును. ముందు తెలుగులో విషయమును పేర్చుకొని, అటుపిమ్మట ఇంగ్లీషునకు పూనుకొనుట తెలివి.

ఇంటి లేఖకు ఈ నియమములేవియు లేవు. స్నేహితునకు ఇంగ్లీషులో ఎందులకు వ్రాయవలెనని అడుగవచ్చును. పరరాష్ట్రపు స్నేహితుడు దొరకినపుడు అదియొక్కటే ఇద్దరికిని తెలిసిన భాష కావచ్చును. కేరళలోని బాలుడొకడు కరవనగా నేమని అడిగినాడనుకొనుడు. గైడు పుస్తకమిచట పనికిరాదు. కరవు ఒక విపత్తు, చెట్లు నాటవలెను అని వ్యాసము వ్రాసి పంపరాదు. పదును అను మాట యొక్కదానిని వానికి బోధపరచిన చాలును. విత్తుటకు తగినంత తేమ నేలలో నిలుచుటను పదునందురనియు, దానికొరకు తండ్రి గొర్రును సవరించి పెట్టుకొని దినదినము మేఘము వంక చూచుననియు, ఒకనాటి రాత్రి చినుకు పడగా లేచి చేనికి పోయి, మన్ను పిడికిట పట్టి, పొడిగా రాలుటచూచి మరలివచ్చుననియు వ్రాసినచో, దినమంతయు వానలో తడియు ఆ కేరళ బాలునకు అనంతపురము కనబడును. ఇంగ్లీషులో తప్పులు రెండు దొరలినను అతడు లెక్కింపడు. పదును అను మాటను అట్లే యుంచి అర్థము చెప్పవలెను గాని మాయిశ్చర్ అని చదును చేయరాదు. ముందు చెప్పిన బాలుడు అన్నకు వ్రాయవలసినది ఇదియే. కచేరికి పంపిన ఆ మూడు పుటలలో ఎండిన బోర్లను గురించిన పుట చాల మంచి పుట. దానికి చేరవలసిన చిరునామా బెంగళూరు.

ఇప్పుడు కాగితముకన్న ఈమెయిలు ఎక్కువైనది. అందులో విషయము అను గడిని ఖాళీగా విడుచుట, జతపరచెదనని చెప్పి జతపరచకుండుట, సెల్‌ఫోనులో మిత్రులకు వ్రాయు పొట్టి అక్షరములతో ప్రిన్సిపాలునకు వ్రాయుట, ఈ మూడును మానినచో తక్కిన మర్యాదలన్నియు పాతవే. కాగితముగా పంపునది స్పీడ్ పోస్టులో పంపవలెను. రిజిస్టరు తపాలాను 2025లో దానిలోనే కలిపివేసిరి. ఆ రశీదును, లేఖ నకలును ఒకచోట దారముతో కుట్టి, పైన తేదీ వేసి ఉంచుడు. రెండవ లేఖ వ్రాయవలసివచ్చినపుడు మొదటిదాని తేదీని చెప్పి ఆరంభింపవలెను. నకలు లేనివానికి ఆ తేదీ దొరకదు.