పక్కింటాయన గెలిచిన కేసు మనకి పనికొస్తుందా?

ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేశారని ఒకాయన కోర్టుకెళ్ళి గెలిచాడనుకోండి. కొత్తగూడెం క్వార్టర్సులో అయినా, సారపాకలో అయినా, ఖమ్మంలో అయినా సాయంత్రానికల్లా ఆ కబురు అన్నిళ్ళకీ చేరుతుంది. "వాళ్ళాయన్ని మళ్ళీ తీసుకోమన్నారట. మరి మీ అన్నయ్యగారినీ తీసుకోవాలిగదా, వదినా?" అని అడుగుతారు. తీసుకోవాలా? ఇవాళ ఆ సంగతే చెప్పుకుందాం.

తీర్పులో న్యాయసూత్రం ఒకటి, ఆ మనిషికి దక్కిన ఫలితం ఒకటి, రెండూ ఉంటాయి. సూత్రం అందరిదీను. ఫలితం మాత్రం కేసు వేసినవాడిది.

ఒక ఫ్యాక్టరీలో ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా రాలేదని ఒక కార్మికుడి పేరు కొట్టేశారు. సంజాయిషీ అడగలేదు, విచారణా లేదు. మనిషి చెప్పేది వినకుండా తీసెయ్యడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతన్ని తిరిగి తీసుకుని, పాత జీతంలో సగం ఇమ్మంది. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం ఆ సూత్రం దేశంలోని అన్ని కోర్టులకూ శిరోధార్యం. మన్యం జ్వరంతో పదిహేను రోజులు మంచాన పడ్డ మీ తమ్ముడి పేరు ఇలాగే కొట్టేస్తే, ఆ తీర్పు చూపించవచ్చు. కాని తీర్పు చూపించగానే గేటు తెరుచుకోదు. కేసు వెయ్యాలి, తననెవరూ ఏమీ అడగలేదని చెప్పాలి. "నోటీసు పంపాం, ఆయనే తీసుకోలేదు" అని యజమాని కాగితం చూపిస్తే కథ మారిపోతుంది. అందుకే పోస్టుమాన్ తెచ్చిన రిజిస్టరు కవరు వద్దని తిప్పి పంపకండమ్మా.

ఒక్కొక్కప్పుడు అసలు నియమాన్నే కొట్టేస్తారు. మొదటిసారి గర్భవతి కాగానే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోవాలన్న ఎయిరిండియా నియమాన్ని 1981లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కోర్టుకు వెళ్ళని అమ్మాయిలకు కూడా ఆ నియమం పోయింది. యూనియన్ వేసిన ఉమ్మడి వివాదంలో వచ్చిన అవార్డు కూడా అంతే, అక్కడి కార్మికులందరికీ వర్తిస్తుంది.

కేసులో లేనివాళ్ళకి ముప్పు వచ్చే రోజులూ ఉంటాయి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి జి.వో. 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పటికే బడుల్లో పాఠాలు చెబుతున్నవాళ్ళ గతేమిటి? ప్రభుత్వాలు మళ్ళీ ఇలా చెయ్యకూడదన్న షరతుమీద కోర్టు వాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టింది. ఆ ఒక్క మాట లేకపోతే ఎన్ని వంటిళ్ళలో పొయ్యి వెలిగేది కాదో!

మనది సరిహద్దు ప్రాంతం గనుక ఇంకో చిక్కుంది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఊరు దాటగానే ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండయ్యాయి. హైదరాబాదు హైకోర్టు ఇప్పుడిచ్చే తీర్పుని ఎటపాక మనిషి అమరావతిలో చూపించవచ్చు. గౌరవంగా వింటారు, పాటించి తీరాలనేం లేదు. సుప్రీంకోర్టు మాటయితే ఇద్దరికీ ఒకటే.

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచేది ఆలస్యం. ఉత్తరప్రదేశ్‌లో 1987లో కొందరి నియామకాలు రద్దు చేశారు. కొంతమంది వెంటనే కోర్టుకెళ్ళి గెలిచారు. మిగతావాళ్ళు ఒడ్డున కూర్చుని చూసి, ఏళ్ళు గడిచాక "మాకూ ఇవ్వండి" అన్నారు. ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్ళని ఒకేలా చూడాలని ఒప్పుకుంటూనే, ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఇవ్వలేమని 2014లో సుప్రీంకోర్టు చెప్పేసింది. నాకది కాస్త కఠినంగానే తోస్తుంది. జీతం ఆగిన ఇంట్లో ముందు బియ్యం చూస్తారుగాని వకీలుని చూస్తారా?

అయితే వకీలు ఫీజుకి భయపడి ఆగనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకీ, గిరిజనులకీ, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకీ ఉచితంగా వకీలుని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థలో అడగండి. వెళ్ళేటప్పుడు నియామకపు ఉత్తరువు, జీతం చీటీలు, తీసేసిన కాగితం, మీ పక్కింటాయన గెలిచిన తీర్పు నకలూ పట్టుకెళ్ళండి.