అసలును కొసరును



నేటి ప్రసంగము క్రికెట్ ఆటకు సంబంధించినదని వినగానే, వ్యాకరణము చెప్పుకొని కాలము గడపిన వృద్ధునకు ఈ ప్రస్తావన యేల యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆటలోని మెలకువలు నేను చెప్పబోను. ఆ యాటలో జరిగిన యొక బేరమును గూర్చి చెప్పదలచితిని. మా నూజెండ్లలో యువకులు నలుగురు కూడినచోట ఆ బేరము మంచిదా, చెడ్డదా యని యిప్పటికిని వాదులాడుకొందురు. ప్రక్కన కూర్చుండి వినెడు పెద్దలు గూడ విషయ మెఱిగియుండుట మేలు.

ఇండియన్ ప్రీమియర్ లీగు అను పోటీ 2008లో ఆరంభమైనది. ఇందు ఆటగాండ్రను వేలమున కొందురు. ఒక జట్టువారు మఱియొక జట్టువారితో ఆటగాండ్రను మారకము వేసికొనుటయు కలదు. హైదరాబాదు పేర వెలసిన సన్‌రైజర్సు జట్టు 2013 నుండి ఆడుచు, 2016లో విజేత యయ్యెను. మొదటి సంవత్సరము నుండియు ఆ జట్టునకు ఆట నారంభించుచు వచ్చినవాడు శిఖర్ ధావన్. జట్టు గెలిచిన 2016లో అతడు 501 పరుగులును, తుది పోటీ వఱకు వెళ్లిన 2018లో 497 పరుగులును చేసెను. తెలుగువాడు కాకపోయినను, ఆఱేండ్లు ఆడినవానిని జనులు ఇంటివానిగనే యెంచిరి.

అట్టివానిని 2018 నవంబరులో సన్‌రైజర్సువారు ఢిల్లీ జట్టున కిచ్చివేసిరి. బదులుగా మువ్వురను దెచ్చుకొనిరి. వారిలో విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్ అను వారి వెల ఒక్కొక్కరికి 3 కోట్ల 20 లక్షలు. మూడవవాడు అభిషేక్ శర్మ, పంజాబు దేశపు బాలుడు, పదునెనిమిదేండ్లవాడు. వెల 55 లక్షలు. మువ్వురి వెలయు కలిపిన 6 కోట్ల 95 లక్షలు. ధావన్ వెల 5 కోట్ల 20 లక్షలే. కావున పైకము 1 కోటి 75 లక్షలు హైదరాబాదువారే చెల్లింపవలసి వచ్చెను.

ఈ వార్త వెలువడగానే వాదము రేగినది. "ఇంటిమనిషి నిచ్చి, పైకము గూడ నిచ్చుట యెక్కడి వివేకము?" అని యొక పక్షము. "అతని మనసే విఱిగినది, మనసు లేనివానిని కట్టివేసినచో ఆట సాగునా?" అని రెండవ పక్షము. ఈ రెండవ మాటకు ఆధార మున్నది. ఆ యేటి వేలములో ఇతరులు పాడిన ధరకే తమ పూర్వపు టాటగానిని తిరిగి తీసికొను హక్కు జట్టులకు కలదు. ఆ హక్కుతో ధావన్‌ను 5 కోట్ల 20 లక్షలకు నిలుపుకొనిరి. ఆ వెల విషయమై యతడు ఖిన్నుడయ్యె ననియు, నియమముల ననుసరించి దానిని పెంచుటకు తమకు వీలులేకపోయె ననియు జట్టువారే ప్రకటించిరి.

మన ప్రాంతమున ఎడ్ల మారకము చూడనివా రుండరు. కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, గిట్టలు చూచును. కాడి కట్టి నాలుగు చాళ్లు తోలించి మఱియు చూచును. చూడదగిన వన్నియు చూచిన పిమ్మట చేయి కలుపును. మనుష్యుల మారకమునందు చూడరానిది యొకటి మిగిలిపోవుచున్నది. ఎద్దునకు తన వెల తెలియదు, మనుష్యునకు తెలియును. తన్ను తక్కువగా వెలకట్టిరని తెలిసిన మనుష్యుడు ఆ తలపుతోనే మైదానమున దిగును. ఇది తూకమున కందెడు వస్తువు గాదు. అందువలన ఉభయపక్షములవారి లెక్కలును కొంతవఱకే నిలుచును.

తరువాత జరిగినది వినుడు. 2019 మే నెల 8వ తేదీని విశాఖపట్టణమున, మన తెలుగుగడ్డమీదనే, ఢిల్లీవారు రెండు వికెట్ల తేడాతో సన్‌రైజర్సును పోటీనుండి వెడలగొట్టిరి. ఆ యేట ధావన్ ఢిల్లీకి 521 పరుగులు చేసెను. సన్‌రైజర్సు పక్షమున వార్నరు 692 పరుగులు చేయుటచే ధావన్ లేని కొఱత అంతగా తెలియలేదు. మఱుసటి యేట 2020 నవంబరు 8వ తేదీని అబుదాబిలో, తుది పోటీకి ముందటి యాటలో, ఆ ధావనే 50 బంతులలో 78 పరుగులు చేసి తన పాత జట్టును ఓడించుటకు ప్రధానకారణ మయ్యెను. ఆ యేడాది మొత్తమున 618 పరుగులు, 2021లో 587. "చూచితిరా, చేజేతుల పోగొట్టుకొంటిమి" అని మొదటి పక్షమువా రనిరి. నాడు వారికి బదులు చెప్పుట కష్టము.

ఇక బదులుగా వచ్చినవారి మాట. విజయ్ శంకర్, నదీమ్ ఇరువురును ధావన్ స్థానమును పూరింపలేకపోయిరి. అభిషేక్ మొదటి మూడేండ్లును స్వల్పముగనే ఆడెను. బేరములో అతడు కొసరు వంటివాడు. కాయగూరల యంగడిలో అసలు తూచిన పిమ్మట పిడికెడు కరివేపాకు వేసినట్లు, అతనిని జేర్చిరి. మువ్వురి వెలలో అతని పాలు పండ్రెండవ వంతైనను లేదు. వాదించినవారు ధావన్ మాట చెప్పిరి, శంకర్ మాట చెప్పిరి; ఈ బాలుని తలచినవా రరుదు.

ఆ కొసరే అసలైనది. 2022లో అభిషేక్ 426 పరుగులు చేసెను. 2024లో 484 పరుగులు చేసి జట్టును తుది పోటీ వఱకు చేర్చినవారిలో ముఖ్యు డయ్యెను. 2025 ఏప్రిల్ 12వ తేదీని హైదరాబాదులో పంజాబు జట్టుపై 55 బంతులలో 141 పరుగులు చేసెను. ఆ పోటీలో అంతకుముందు భారతీయుడెవడును ఒక్క యాటలో అన్ని పరుగులు చేసియుండలేదు. ఇప్పుడు రెండవ పక్షమువారు రొమ్ము విఱిచి, "ఆనాటి మారకము చేసినవాడు దీర్ఘదర్శి" యని పొగడుచున్నారు.

ఈ పొగడ్తను నే నంగీకరింపను. ఏలయన, 2022 వేలమునకు ముందు సన్‌రైజర్సువారు విలియంసన్, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మలిక్ అను మువ్వురను నిలుపుకొని, అభిషేక్‌ను వదలివైచిరి. పిమ్మట వేలములో పోటీపడి 6 కోట్ల 50 లక్షలకు తిరిగి కొనిరి. 55 లక్షలకు వచ్చినవాని విలువ మూడేండ్లు తమ యింటనే యున్నను వారికి పూర్తిగా తెలియలేదన్నమాట. 2018లోనే తెలిసెననుట యెట్లు? ఢిల్లీవారును ధావన్‌ను శాశ్వతముగా నిలుపుకొనలేదు. అదే 2022 వేలమున పంజాబువారు అతనిని 8 కోట్ల 25 లక్షలకు కొనిరి. అతడు 2024 ఆగస్టులో ఆటనుండి విరమించెను.

ఫలమును బట్టి కర్తను కొలుచుట మన పల్నాటివారికి పాత యలవాటు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు నిలిపిన కోడిపందెమును తలచుకొనుడు. కోడి యోడినందున ఏడేండ్ల వనవాసము వచ్చెననియు, పందెమున కంగీకరించుట తప్పనియు నేటికిని తర్కించుచున్నాము. కోడి గెలిచియున్నచో ఆ యంగీకారమునే ధైర్యమని కీర్తించియుందుము. అంగీకరించిన క్షణమున బ్రహ్మనాయునికి తెలిసిన దెంత యని యడుగువాడు మాత్రము లేడు.

కావున మన యువకులు ఇట్టి వాదమునకు దిగినపుడు పెద్దలు రెండు ప్రశ్నలు వేయవలెను. మొదటిది: ఆ దినమున, ఆ కర్తకు తెలిసినంతలో, చేసినది న్యాయమా? మనసు విఱిగిన ధావన్‌ను బలవంతముగా నిలుపక, అతని పుట్టినూరి జట్టునకే పంపుట న్యాయమేయని నా యభిప్రాయము. పైకము చెల్లించుట లోభము లేని పని. తెలివియగునా కాదా యనునది వేఱు మాట. రెండవది: వచ్చినవానిని ఎట్లు చూచుకొనిరి? బేరము ఒక్క దినమున ముగియును. పెంపకము ఏండ్లు పట్టును. మూడేండ్ల స్వల్పఫలమును సహించి, వదలినను మరల వెదకి కొనితెచ్చుటలో సన్‌రైజర్సువారి మేలు కనబడుచున్నది. వారికి దూరదృష్టి యుండెనో లేదో కాని, ఓరిమి యుండెను. ఆ బాలుని వెనుక యువరాజ్ సింగు వంటి పెద్ద యాటగాని శిక్షణయు నుండెను.

బడిలో వెనుకబల్లమీది పిల్లవానిని నేను ఏండ్లతరబడి చూచితిని. అన్నదమ్ముల పంపకములలో, పెండ్లిసంబంధములలో, ఊరి పనులలో గూడ ఎవడో యొకడు కొసరుగా లెక్కింపబడుచుండును. అతని పేరు వాదమున రాదు. అతని మేలు ఎవ్వరును అడుగరు. వాని చెవిని పడునట్లు "వీడు కొసరు" అని యనకుండుటయే పెద్దఱికమునకు మొదటి లక్షణము. మనము నోరార వెల కట్టిన మాటను పిల్లవాడు జీవితకాలము మోయును.