కోరంగి పేరు మోసిన ఓడ

గౌతమీ గోదావరి సముద్రమును చేరుచోటికి చేరువగా, యానామునకు కొద్దిదూరమున కోరంగి అను గ్రామము గలదు. నేడు అక్కడికి పోవువారు మడ అడవులను చూచుటకు పోవుదురు. 1978లో ఆ అడవి వన్యప్రాణులకు రక్షితప్రాంతమైనది. కాని పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కోరంగి యనగా నావికులకు తలపునకు వచ్చినవి చెట్లు కావు, ఓడలు.

1802లో ఎబెనేజర్ రోబక్ అను ఆంగ్లేయుడు అక్కడ ఓడలను బాగుచేయుటకొక డాకు కట్టించెను. కలకత్తాకును సింహళమందలి తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలకు అట్టి వసతి మరియొకచోట లేకుండెనట. మన వడ్రంగులు అక్కడ ఓడలను బాగుచేయుటయేకాక క్రొత్తవానిని నిర్మించిరి. కొయ్య ఓడకు నీరే ఆధారము, నీరే శత్రువు. పలకకును పలకకును నడుమ సందులలో నార కుక్కి, పైన గుగ్గిలము వంటి బంకను పూయవలెను. ఆ పనిలో ఏమరుపాటు కలిగినచో ఫలితము నడిసముద్రమున తెలియును.

ఈ ఊరి పేరు పెట్టుకొన్న ఓడ యొకటి గలదు. దానిని కోరంగి పేకెట్టు అనిరి. పేకెట్టు అనగా ఉత్తరములను, ప్రయాణికులను, సరకులను చేరవేయు ఓడ. అప్పటికి మారిషస్ దీవిలో బానిసత్వము రద్దయి, చెరకుతోటల యజమానులు కూలీలకై భారతదేశము వంక చూచుచుండిరి. కొంతకాలము నిలిపివేయబడిన కూలీల వలస 1843లో ప్రభుత్వ పర్యవేక్షణతో మరల సాగినది. ఆ యేడు కోరంగి పేకెట్టుపై తెలుగువారు మారిషస్ చేరిరని అక్కడి ఆంధ్రుల చరిత్ర చెప్పువారు పేర్కొందురు. ఆ దీవిలో మనవారిని కోరంగీలనిరి. బర్మాలోను తెలుగువారికి ఆ పేరే నిలిచినది. ఎవరు ఏ జిల్లావారైనను, ఏ కులమువారైనను, ఓడ ఎక్కిన రేవే వారికి ఇంటిపేరైనది.

1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యమున పగడపు సముద్రమున కోరంగి పేకెట్టు అను ఓడ దిబ్బకు తగిలి పగిలిపోయినది. సిడ్నీ నుండి మన సముద్రములకు వచ్చు ఓడలకు ఆ మార్గము మిక్కిలి ప్రమాదకరము. నీటి క్రింద దాగిన పగడపు దిబ్బలు అడుగడుగునను గలవు. ఆ ఓడ పగిలినచోటి చిన్న దీవులకు కోరంగి దీవులని పేరు వచ్చినది. అందొక దీవి ఆ ఓడ కెప్టెను చిల్కాట్ పేరు ధరించినది. 1982లో ఆ దీవుల ప్రాంతమును ఆస్ట్రేలియా ప్రభుత్వము ప్రకృతి రక్షితప్రాంతముగా ప్రకటించినది.

ఇక ఆ ఊరి గతి యేమి? 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన తుఫానుల ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. ఆ తుఫానులను పరిశీలించినవారిలో కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ ఒకడు. సైక్లోను అను మాటను లోకమునకిచ్చినవాడు ఆయనయే. పిమ్మట నది తెచ్చిన ఇసుక రేవును పూడ్చినది; ఆవిరి ఓడలు కొయ్య ఓడలను వెనుకకు నెట్టినవి; వ్యాపారము కాకినాడకు తరలినది.

కృష్ణాతీరమున ఉన్న మనకు ఈ కథ పరాయిది కాదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమున ఉప్పెన దాదాపు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. గోల్కొండ కాలమున ప్రపంచమెరిగిన ఆ రేవును గూడ ఇసుక మేట క్రమముగా మూసినది. అంతకు తొమ్మిదేండ్లకు ముందు, 1855లో, విజయవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువలలో పడవలు సాగినవి. సముద్రమున తగ్గిన తెరచాప కొంతకాలము కాలువలలో కానవచ్చినది.

ఈ కథలో దొర పేరు గలదు, కెప్టెను పేరు గలదు. కాని పలక చెక్కిన వడ్రంగి పేరు, తెరచాప లాగిన కళాసి పేరు, ఆ ఓడపై వెళ్ళి మరల రాని కూలీ పేరు మనకు వినబడవు. పాత ఉత్తరములలోనో, కుటుంబపు లెక్కలలోనో, ముసలివారి నోటనో అట్టి పేరొకటి మిగిలియుండవచ్చును. రేవు పూడిపోవుట ప్రకృతివలన జరిగినది. పేర్లు పూడిపోవుట మన అశ్రద్ధవలన జరుగును. మీ ఇంటి పెద్దలెవరైన రంగూనుకో, మారిషస్‌కో వెళ్ళిన మాట వినియున్నచో నేడే కాగితముపై వ్రాసి యుంచుడు.