ద్వారం వారి కమాను

ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ రికార్డు నొకదానిని ఇటీవల మరల వింటిమి. నాదము చాలలేదనిపించి ధ్వని పెంచితిమి, పెంచినకొలది ముతకబారినది. తగ్గించి దగ్గర కూర్చుండగా, స్వరమునుండి స్వరమునకు కమాను జారు మెత్తదనము వినవచ్చినది.

నాయుడుగారు 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులైరి. పాశ్చాత్యుల కమాను పద్ధతిని పరిశీలించి, మన గమకములకు అలవరచుకొనిరి. గాత్రమునకు ప్రక్కవాద్యమైన వయొలిన్‌పై 1938లో వెల్లూరున ఒంటరిగా కచేరి చేసిరి. 1964లో కీర్తిశేషులైరి. ఈ రికార్డులోను గాయకుడు లేడు. అయినను పాట లోటు తోచదు.

పాత రికార్డు ఒక వైపు ఇంచుమించు 3 నిమిషములే. మాటల నడుమ మ్రోగనిచ్చినచో ఆ మెత్తదనము మనకు దక్కదు. ఆ కొద్దిసేపు ఇంటిల్లిపాదియు మాటలాపి వినవలెనని మా మనవి.