బోరాన్ చేరిన చోటు: మెదడు క్యాన్సర్ చికిత్సలో ఒక మందు చరిత్ర
(స్మారకోపన్యాస పాఠం)

గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కంతికి గట్టి సరిహద్దు ఉండదు. కత్తికి అందినంత మేర తీసేసినా, దాని కణాలు అప్పటికే చుట్టూ ఉన్న మంచి మెదడులోకి వేళ్లలా పాకి ఉంటాయి. వాటిని వెతికి చంపే ఉపాయమే బోరాన్ న్యూట్రాన్ చికిత్స.

చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. నాలుగేళ్లకే, 1936లో, అమెరికాలో గోర్డన్ లోషర్, కంతిలోకి బోరాన్ చేర్చి దానిపై న్యూట్రాన్లు పడేలా చేయాలన్న ఈ ఆలోచన చెప్పాడు. బోరాన్-10 పరమాణువు నెమ్మదైన న్యూట్రాన్‌ను మింగి ఆల్ఫా కణంగా, లిథియం కేంద్రకంగా చీలిపోతుంది. ఆ ముక్కలు మిల్లీమీటరులో నూరో వంతు కూడా ప్రయాణించవు. అది దాదాపు ఒక జీవకణం వెడల్పు. బోరాన్ ఎక్కడుంటే దెబ్బ అక్కడే. కాబట్టి చికిత్స జాతకమంతా బోరాన్‌ను మోసుకెళ్లే మందు చేతిలో ఉంది.

ఈ నిజానికి మొదటి రోగులు భారీ మూల్యం చెల్లించారు. 1951లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ రియాక్టర్ దగ్గర వాళ్లకు ఇచ్చింది బోరాక్స్, అంటే వెలిగారం. దానికి కంతి, రక్తం అన్న తేడా లేదు. తర్వాత వేరే బోరాన్ లవణాలు వాడినా ఫలితం మారలేదు. చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తే రక్తనాళాలే దెబ్బతిని కనిపించాయి. బోరాన్ నెత్తురులోనే మిగిలిపోయింది మరి. 1961లో అమెరికాలో ప్రయోగాలు ఆగిపోయాయి.

అక్కడ శిక్షణ పొందిన హిరోషి హతనాకా 1968లో జపాన్‌లో బీఎస్‌హెచ్ అనే మందుతో మళ్లీ మొదలుపెట్టాడు. అణువుకు 12 బోరాన్ పరమాణువులు! రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను అది దాటదు, గోడ చెదిరిన కంతిలోకే దిగుతుంది. మంచి మెదడుకు అది రక్ష. కానీ చెదరని గోడ వెనక దాగిన క్యాన్సర్ కణాలకూ అదే రక్ష అయింది.

తర్వాతిది బీపీఏ. ఇది ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని పోలినది కనుక, ఆకలిగొన్న క్యాన్సర్ కణం ఆహారమనుకుని లాక్కుంటుంది. నీటిలో సరిగా కరగకపోతే ఫ్రక్టోజ్‌తో జత చేశారు. 1994లో బ్రూక్‌హేవెన్‌లో మెదడు కంతి రోగులపై ప్రయోగాలు దీనితోనే తిరిగి మొదలయ్యాయి.

మందుకు పెట్టే పరీక్షలు కఠినమైనవి. గ్రాము కంతిలో కనీసం 20 మైక్రోగ్రాముల బోరాన్-10 చేరాలి. అది రక్తంలో, మంచి మెదడులో ఉన్నదానికి మూడు రెట్లయినా ఉండాలి. విషప్రభావం తక్కువగా ఉండాలి, న్యూట్రాన్లు పడేదాకా కంతిలో నిలవాలి. ముందుగా కంతి పెంచిన ఎలుకల్లో చూస్తారు. మనుషుల్లో ఫ్లోరిన్-18 తగిలించిన బీపీఏతో పెట్ స్కాన్ తీస్తారు, చికిత్స రోజున రక్తం తీసి కొలుస్తారు. అయితే సగటు అంకెను నమ్మి ఊరుకోకూడదు. ఒకే కంతిలో పక్కపక్క ముక్కల్లోనే బోరాన్ హెచ్చుతగ్గులుగా ఉంటుంది, బోరాన్ అందని కణం బతికిపోతుంది.

2020లో జపాన్ బీపీఏ మందుకు ఆమోదం ఇచ్చింది. అది తల, మెడ క్యాన్సర్లకు. ఈ చికిత్స మొదలైన మెదడు కంతికి ఆ ఆమోదంలో చోటు లేదు.